ముమ్మూలల చెలక కొలత



చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో నాలుగు గట్లును తిన్నగా, నాలుగు మూలలును సరిగా నున్న చెలక మిక్కిలి యరుదు. ఒక ప్రక్కను వాగు కోసికొని పోయి యుండును. మరియొక ప్రక్కను బండిబాట ఏటవాలుగా దాటి యుండును. అన్నదమ్ములు తరతరములుగా పంచుకొనగా పంచుకొనగా చివరకు మిగిలిన తునుక మూడు మూలలతో నిలిచి యుండును. అట్టి ముమ్మూలల చెలక ఎన్ని గుంటలో తేల్చు విధమును గూర్చి నేను నేడు చెప్పదలచితిని. ఇది బడిపిల్లల లెక్క గదా, తలలు నెరసిన మాకేల యని కొంద రనుకొనవచ్చును. ఈ లెక్కను తప్పుగా చేసి ఒక కుటుంబమునకు నష్టము కలిగించినవాడను నేనే. కావున దీనిని గూర్చి మాటలాడుటకు నాకు కొంత యధికారము కలదని తలచుచున్నాను.

మొదట కొలమానము. హైదరాబాదు రాజ్యమున భూముల సర్వే జరిగినపుడు బొంబాయి పద్ధతి ననుసరించి 33 అడుగుల గొలుసును వాడిరి. ఆ గొలుసునకు 16 ఆనాలు. ఒక గొలుసు పొడవును, ఒక గొలుసు వెడల్పును గల చదరమే గుంట. అనగా 1089 చదరపుటడుగులు, లేక 121 చదరపు గజములు. అట్టివి 40 గుంటలు చేరిన ఒక ఎకరము. ఈ యేర్పాటులోని సుఖ మేమనగా, గొలుసులను గొలుసులతో గుణించిన గుంటలే వచ్చును. మరల భాగించి మార్చవలసిన పని లేదు. మన ప్రాంతమువారు ఎకరముకంటె గుంట మాటనే యెక్కువగా పలుకుట కిదియు నొక కారణము కావచ్చును. నేను చెప్పబోవు లెక్క లన్నియు గొలుసులలోనే చెప్పెదను.

నలుబది యేండ్లనాటి మాట. నేను గురువుగారి యింట సంస్కృతాంధ్రములు చదివి ముగించి, ఒక పల్లెబడిలో తెలుగు పంతులుగా క్రొత్తగా చేరితిని. ఊరి పేరు చెప్పను. చేవెళ్లకును మొయినాబాదునకును నడుమ నున్నది. ఆ యూర ఇద్దరన్నదమ్ములు తండ్రి మరణానంతరము చెలకను పంచుకొన దలచిరి. చెలక నడుమ 14 గొలుసుల పొడవున ఒక పాత గట్టు కలదు. గట్టునకు తూర్పున 14 గొలుసుల పొడవును 7 గొలుసుల వెడల్పును గల తిన్నని చెలక. పడమట అదే గట్టును ఆనుకొని మూడుమూలల చెలక. దాని తక్కిన రెండు ప్రక్కలలో ఒకటి 13, ఇంకొకటి 15 గొలుసులు. ఆనాలు విడిచి చెప్పుచున్నాను. లెక్క యర్థమగుటకు ఇది చాలును.

తూర్పు చెలక 98 గుంటలని ఎల్లరకును తెలిసినదే. పడమటి దెంత యని నన్నడిగిరి. మా తాతగారు వాడుచుండిన సరాసరి లెక్క యొకటి నాకు తెలియును. ఎదురెదురు ప్రక్కలను కూడి సగము చేయవలెను. ఆ సగములను గుణింపవలెను. ముమ్మూలల చెలకకు గట్టు కెదురుగా ప్రక్క లేదు, మూల మాత్రమే కలదు. కనుక దానిని సున్న యనుకొనవలెను. 14లో సగము 7. 13, 15 కూడిన 28. అందు సగము 14. ఏడు పదునాలుగులు 98. రెండు చెలకలును సమానమే! రచ్చబండ మీది పెద్దలందరు సంతోషించిరి. గట్టు కదల్చవలసిన పని లేకయే పంపకము ముగిసినది. తూర్పుది అన్నకు, పడమటిది తమ్మునికి. నాకు తాంబూల మిచ్చి, పంతులు చిన్నవాడైనను లెక్కలో దిట్ట యనిరి. ఆ మాట నాకు చాల రుచించినది.

రెండేండ్లు గడచినవి. ఒకనాడు తమ్ముడు బడి వాకిటికి వచ్చి, "పంతులూ, అన్నకు ఎన్ని సేర్ల జొన్నలు పడుతున్నయో నేనూ గన్నే తీస్కపోతున్న. ఏడు సేర్లల ఒక సేరు మిగులుతున్నది. రెండేండ్లసంది ఇదే తీరు. ఎందుకంటవు?" అని యడిగెను. చల్లెడి చేయి పలుచనైనదేమో యని నేను చెప్పి పంపితిని. అతడు తల యూపి వెడలెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుస్తకములు చదివిన నాకంటె, విత్తనము చల్లిన వాని చేయి సరిగా లెక్క పెట్టినది. ఏడు పాళ్లలో ఒక పాలనగా 98లో 14 గుంటలు.

ఇక ఆ లెక్కలోని తప్పెచ్చట నున్నదో చూతము. ఒక కాగితమును తీసికొనుడు. దానిపై 14 అంగుళముల పొడవును 12 అంగుళముల వెడల్పును గల దీర్ఘచతురస్రమును గీయుడు. దాని క్రింది గీతయే మన గట్టనుకొనుడు. పై గీత మీద ఎడమ కొననుండి 5 అంగుళముల దూరమున ఒక చుక్క పెట్టుడు. ఆ చుక్కనుండి క్రింది రెండు మూలలకును రెండు గీతలు గీసిన ముమ్మూలల రూపము వచ్చును. కొలిచి చూచిన ఎడమ గీత 13, కుడి గీత 15 అంగుళము లుండును. ఇప్పుడు చుక్కనుండి నిట్టనిలువుగా క్రిందికి ఒక గీత గీయుడు. దీనికే శాస్త్రమున లంబమని పేరు. అది 12. ఈ నిలువు గీత దీర్ఘచతురస్రమును రెండుగా చీల్చినది. ఎడమది 5కు 12, అనగా 60. దానిని ఏటవాలు గీత సరిగా సగము చేయుచున్నది, కనుక మనకు దక్కునది 30. కుడిది 9కి 12, అనగా 108. అందులో సగము 54. ముప్పదియు, ఏబదినాలుగును కలిసిన 84. కత్తెరతో కోసి తునుకలను ఒకదానిపై నొకటి పెట్టి చూచినచో మీ మనుమలకు సయితము నమ్మకము కలుగును.

కావున గట్టు పొడవును లంబముతో గుణించి సగము చేయవలెను. 14కు 12 అనగా 168. అందు సగము 84. నా తప్పు ఏమన, నిలువుగా కొలువవలసిన లంబమునకు బదులుగా, ఏటవాలుగా నున్న ప్రక్కల సగటును వేసికొంటిని. ఏటవాలు దారి యెప్పుడును తిన్నని దారికంటె పొడవే. కనుక ఆ సరాసరి లెక్క ముమ్మూలల చెలకకు ఏనాడును తక్కువ చెప్పదు, ఎక్కువే చెప్పును. కొనువానికి నష్టము, అమ్మువానికి లాభము. పంపకములో ఆ తునుక దక్కినవానికి నష్టము.

అది తప్పని తెలిసికొనుటకు మరియొక సులభమైన పరీక్ష కలదు. అదే చెలకలో 14 గొలుసుల గట్టును విడిచి 13 గొలుసుల ప్రక్కను మొదలుగా పెట్టికొని సరాసరి చేయుడు. 94 గుంటల పావు వచ్చును. 15 గొలుసుల ప్రక్కతో మొదలు పెట్టిన 101 గుంటల పావు వచ్చును. చెలక యొక్కటే, ఫలములు మూడు. ఎటునుండి చూచిన అటు మారునది కొలత యెట్లగును? లంబముతో చేసిన లెక్క ఏ ప్రక్కతో మొదలు పెట్టినను 84నే చూపును.

తరువాత నేను నా పెట్టెలోని పుస్తకములను తిరుగవేయగా నాకు సిగ్గు ద్విగుణమైనది. ఈ సంగతిని మన పూర్వులు ఎన్నడో తేల్చి పెట్టిరి. ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథమున, భూమిలో సగమును లంబముతో గుణించిన త్రిభుజఫలము వచ్చునని ఒక్క ముక్కలో చెప్పినాడు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి, సరాసరి లెక్కను స్థూలమనియు, రెండవ దానిని సూక్ష్మమనియు విడదీసినాడు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున ఆ విభాగమునే పాటించినాడు. ఆయన తన గ్రంథమున కీర్తించిన అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటము మనకు దూరము కాదు. వికారాబాదులో రైలెక్కి తాండూరు, సేడము దాటిన పిమ్మట వచ్చు మల్ఖేడమే యది. ఆ గణితసారసంగ్రహమునే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లన పదునొకండవ శతాబ్దివాడని పలువురు పండితుల మతము. అనగా, భారతము తెలుగైన కాలమునకు చేరువలోనే గణితమును తెలుగైనది. మనవారు మొదటిదానిని తలకెత్తుకొని రెండవదానిని అటక మీద పెట్టిరి. ఆ దోషములో నాకును భాగము కలదు. స్థూలమని పెద్దలు పేరు పెట్టి హెచ్చరించిన లెక్కను నేను సూక్ష్మ మనుకొని రచ్చబండ మీద చదివితిని.

తప్పు తెలిసిన పిమ్మట వెంటనే చెప్పితినా? లేదు. దాదాపొక సంవత్సరము దానిని కడుపులోనే దాచుకొంటిని. "దిట్ట" యను మాట పోవునని భయము. తమ్ముడు ఎదురైనపుడెల్ల వీధి మారితిని. చివరకు ఆ సంవత్సరము మృగశిర కార్తెలో అతడు మరల విత్తనపు సంచితో పోవుచుండగా చూచి, ఇంక నోర్వలేక, ఆ సాయంకాలమే అన్నదమ్ములను పెద్దల యెదుట కూర్చుండబెట్టి నా తప్పు ఒప్పుకొంటిని.

అప్పుడు తగవు మొదలైనది. తమ్ముడు, తనకు 14 గుంటలు తక్కువ వచ్చినవి గనుక అన్న 14 గుంటలు విడువవలె ననెను. మొదట పెద్దలును అది న్యాయమే యనిరి. నిదానించి చూడుడు. 14 గుంట లిచ్చిన అన్నకు 84, తమ్మునికి 98. తప్పు అటునుండి ఇటు మారును గాని పోదు. రెండు చెలకలును కలిపిన 182 గుంటలు. అందు సగము 91, అనగా రెండెకరముల పదునొకండు గుంటలు. కాబట్టి అన్న విడువవలసినది 7 గుంటలే. గట్టు పొడవు 14 గొలుసులు గదా! అర్ధగొలుసు వెడల్పున ఒక పట్టీ తీసినచో సరిగా 7 గుంట లగును. గట్టును ఎనిమిది ఆనాలు, అనగా పదునారున్నర అడుగులు, తూర్పునకు జరుపవలెను.

అన్న చాలసేపు పలుకలేదు. ఆ పట్టీలో అతడు చిన్ననాట నాటిన వేపచెట్టు ఉన్నది. తుద కతడు, "చెట్టు నీడ గుంటలల్ల రాదు గద పంతులూ, అది ఎవరి దిక్కున్నా ఇద్దరం కూసుంటం," అని లేచి, తానే హద్దురాయిని పెరికెను. ఇప్పుడు ఆ చెలకల ధర నాటివలె లేదు. గుంటకు గుంటకు తూచి మాటలాడు కాలమిది. ఆ పట్టీని ఈనాడు విడువుమన్నచో ఏమగునో నేను చెప్పలేను.

లంబమును చెలకలో కనుగొను టెట్లు? సర్వేవారు క్రాస్‌స్టాఫ్ అను కర్రతో చూతురు. మీకు ఒక పగ్గము చాలును. దానికి సమాన దూరములలో పండ్రెండు ముడులు వేసి, కొనలు కలిపి, 3, 4, 5 పాళ్లుగా లాగి పట్టినచో 3, 4 కలియు మూల సరిగా తిన్నని మూల యగును. యజ్ఞవేదులను కట్టుటకు శుల్బసూత్రకారు లిట్టి త్రాళ్లనే వాడిరి. ఆ మూలను గట్టు వెంబడి జరుపుకొనుచు, నిలువు పగ్గము ఎదుటి మూలకు తిన్నగా పోవు చోట నిలిచి కొలిచిన లంబము దొరకును.

చెలక నడుమ బావియో, తుప్పలో, ఏపుగా పెరిగిన పైరో యున్నచో నడుమకు పోయి కొలుచుటకు వీలుండదు. అప్పుడు మూడు గట్లను మాత్రము కొలిచి ఫలము తేల్చు విధము బ్రహ్మగుప్తుని గ్రంథముననే కలదు. అలెగ్జాండ్రియా నగరవాసియైన హీరో అను యవనుడును క్రీస్తు మొదటి శతాబ్దిలో దీనిని వ్రాసినాడు. మూడు ప్రక్కలను కూడి సగము చేయుడు. 13, 14, 15 కూడిన 42, సగము 21. ఈ 21 నుండి ఒక్కొక్క ప్రక్కను విడివిడిగా తీసివేయుడు: 8, 7, 6 మిగులును. 21ని 8తో, దానిని 7తో, దానిని 6తో గుణించిన 7056. దీనికి వర్గమూలము, అనగా ఏ సంఖ్యను దానితోనే గుణించిన 7056 వచ్చునో ఆ సంఖ్య, 84. మరల మన 84 గుంటలే! రెండు త్రోవలలో నడచి ఒకే యింటికి చేరితిమి. కావున పత్రము వ్రాయుటకు ముందు రెండు విధములను చేసి చూచుకొనుట మేలు. ఒకటి తప్పిన రెండవది పట్టియిచ్చును.

గట్ల పొడవును చూచి చెలక పెద్దదని భ్రమింపరాదు. చిలుకూరి బాలాజీ కోవెలలో నూటయెనిమిది ప్రదక్షిణములు చేసినవానికి కాళ్లనొప్పి యెంతయో తెలియును గాని, ఆవరణ యెన్ని గజములో తెలియదు. 10, 17, 21 గొలుసుల ప్రక్కలు గల చెలక యున్న దనుకొనుడు. చుట్టుకొలత 48 గొలుసులు. మన మొదటి చెలకకంటె 6 గొలుసు లెక్కువ. లెక్క కట్టిన 84 గుంటలే. ఇంకొకటి: 8, 29, 35 గొలుసులు. చుట్టుకొలత 72. ఇదియు 84 గుంటలే! బాట ఏటవాలుగా చీల్చుకొని పోయిన చోట మిగులు సన్నని తునుక లిట్లే యుండును. మర్రిచెట్ల బారులతో పేరుగాంచిన మన బీజాపూరు బాట ప్రక్కన చూచినవారికి ఇట్టివి క్రొత్తగావు. ఈ కడపటి చెలకకు 35 గొలుసుల ప్రక్కతో నా పాత సరాసరి లెక్క చేసిన ఎంత వచ్చునో తెలియునా? 323 గుంటల ముప్పాతిక! ఉన్నదానికి దాదాపు నాలుగింతలు. సన్నని తునుకను కొనువారు ముఖ్యముగా జాగ్రత్త పడవలెను.

నాలుగు ప్రక్కల చెలకకు మాత్రము నాలుగు కొలతలు చాలవు. నులకమంచపు పట్టెలను చూడుడు. నులక విప్పినచో నాలుగు పట్టెలు అటునిటు వాలును. పట్టెల పొడవు మారదు గాని నడిమి చోటు మారును. మూడు కర్రలను కట్టిన రూపము వాలదు. అందుచేతనే 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు, కర్ణమో లంబమో చెప్పక నాలుగు భుజములు మాత్రము చెప్పి ఫలమడుగువానిని పిశాచముతో పోల్చి, దానికి బదులు చెప్పువానిని అంతకంటెను నిందించినాడు. ఆ పెద్దమనుషుల సభలో ఆయన యుండినచో నాకేమి బిరుదు దొరకెడిదో! కనుక నాలుగు ప్రక్కల చెలకను మూలనుండి మూలకు ఒక త్రాటితో రెండు ముమ్మూలల చెలకలుగా చేసి, ఆ త్రాటిని గూడ కొలిచి, రెండు ఫలములను కూడవలెను. 1802లో లాంబ్టను దొర మదరాసు చెంత మొదలిడిన దేశపు మహా సర్వేయును త్రిభుజములను ఒకదానిపై నొకటి పేర్చుకొనుచునే ఉత్తరమునకు సాగినది. ఆ త్రిభుజముల వరుసలో దామరగిద్ద యను స్థానము ప్రసిద్ధము. మన చేవెళ్ల మండలమునను ఆ పేరి గ్రామమున్నది గాని, అది వేరు. సర్వేవారి దామరగిద్ద 18 అక్షాంశములకు పైన, మనకు ఉత్తరమున నున్నది.

ఈ దినములలో యువకులు చేతి ఫోను పట్టుకొని గట్టు చుట్టు నడచి, క్షణములో ఇన్ని గుంట లని చెప్పుచున్నారు. ఉజ్జాయింపునకు అది మంచిదే. కాని అట్టి ఫోను మనము నిలిచిన చోటును చూపుటలో కొన్ని మీటర్లు పొరపడుట కలదు. 14 గొలుసుల గట్టు దాదాపు 141 మీటర్లు. ఆ గట్టంతయు మూడు మీటర్లు అటునిటైనచో నాలుగు గుంటలకు పైగా తేడా వచ్చును. ఫోను చెప్పినదానిని గొలుసుతోనో టేపుతోనో సరిచూచిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను.

కడపట మీకొక లెక్క విడిచి పోవుచున్నాను. ఒక చెలక ప్రక్కలు 7, 24, 25 గొలుసులు. ఎన్ని గుంటలు? దీనికి పగ్గముతో లంబమును వెదకవలసిన పనియే లేదు. ఏల లేదో మీ మనుమలతో కూర్చుండి తేల్చుడు. 84కంటె ఒక్క గుంట యెక్కువ వచ్చినను, తక్కువ వచ్చినను మరల చేయుడు.

ఇక సెలవు.